మెజారిటీ జవాబులు

మా జూనియర్ కాలేజీలో సివిక్స్ పరీక్షకు రివిజన్ చేయించడానికి ఒక పాత పద్ధతి ఉండేది. నేను ప్రశ్న అడుగుతాను. పిల్లలు పుస్తకం మూసి జవాబు చెబుతారు. తప్పు చెబితే నాలుగు తిడతాను, వాళ్ళు మళ్ళీ చదువుకొస్తారు. మర్నాడు అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాను. ఏళ్ళ తరబడి ఇదే తంతు. ఇందులో నియంతృత్వం దాగి ఉందన్న సంగతి నాకు తెలియదు, పాపం పిల్లలకూ తెలియదు. అది కనిపెట్టింది ప్రాంతీయ పునశ్చరణాధికారి ఉదయభాస్కర్ గారు.

ఆయన ఏదో కొండమీది పట్నంలో శిక్షణా శిబిరానికి వెళ్ళొచ్చారు. అలాంటి చోట్లకు వెళ్ళినవాళ్ళు కొందరు శాలువా తెచ్చుకుంటారు, కొందరు జలుబు తెచ్చుకుంటారు. ఈయన ఆలోచన తెచ్చుకున్నారు. జలుబైతే వారంలో తగ్గేది.

మూడో రోజుకల్లా సర్క్యులర్ వచ్చింది.

“విషయము: పౌరశాస్త్ర పునశ్చరణను ప్రజాస్వామ్యీకరించుట గురించి. ప్రజాస్వామ్యమును బోధించు తరగతి గదియందే అధ్యాపకులు ఏకపక్షముగా ‘ఇది ఒప్పు, అది తప్పు’ అని ప్రకటించుచుండుట మిక్కిలి శోచనీయము. ఇకమీదట ప్రతి ప్రశ్నకు జవాబును విద్యార్థులే ప్రతిపాదించి, చర్చించి, చేతులెత్తి, మెజారిటీతో ఆమోదించవలెను. ఆమోదిత జవాబే సరియైన జవాబుగా పరిగణింపబడును. ప్రీఫైనల్ పరీక్షయందు ఆమోదిత జవాబులు వ్రాయని విద్యార్థులకు హాల్ టికెట్ జారీ చేయబడదు. తరగతియందు ప్రజాస్వామ్య వ్యవస్థలన్నియు నెలకొల్పబడవలెను. అమలు చేయనివారిపై తగు చర్య గైకొనబడును.”

నేను ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గురవయ్య గారి గదిలోకి పోయాను. ఆయన బాటనీ మనిషి. ఆయన బల్లమీద ఎప్పుడూ సీసాలో ఏదో ఒక మొక్క నానుతూ ఉంటుంది.

“సార్, ఇదేందండీ? పబ్లిక్ పరీక్షలో పేపర్లు దిద్దేవాళ్ళు పాఠ్యపుస్తకం చూసి దిద్దుతారు గానీ మా క్లాసు తీర్మానాలు చూసి దిద్దరు గదా?”

“దిద్దరమ్మా.”

“మరి?”

“హాల్ టికెట్ రావాలంటే తీర్మానం రాయాలి. పాసవ్వాలంటే పుస్తకం రాయాలి. ఆ రెండూ వేర్వేరు ఆఫీసులు. ఒకరి సంగతి ఒకరికి తెలవదు.” ఆయన సీసాలో మొక్కను కాస్త పక్కకు జరిపి, సానుభూతిగా చూశారు. “మా సబ్జెక్టులో ఈ గోల లేదు మేడమ్. ఎంతమంది చేతులెత్తినా వేరు కిందికే పోద్ది.”

సంతకం పెట్టి క్లాసుకు వెళ్ళాను. ఉద్యోగం నాది, సర్క్యులర్ వాళ్ళది.

*

మొదటి ప్రశ్న తేలికైనది ఎంచుకున్నాను. ఓటు హక్కు పొందడానికి కనీస వయస్సు ఎంత? మా క్లాసులో వెనక బల్లమీద నిద్రపోయే మస్తాన్‌వలి కూడా ఇది నిద్రలోనే చెప్పగలడు. ఆ పిల్లవాడు తెల్లారకముందే లేచి వాళ్ళ నాన్న టీ కొట్టులో పాలు కాస్తాడు, అందుకని నా పాఠంలో పడుకుంటాడు. అది మా మధ్య ఎప్పుడో కుదిరిన ఒప్పందం.

“అధ్యక్షా!” అంటూ లేచాడు తిరుపాలు. వాడు క్లాస్ లీడరు. వాళ్ళ మామయ్య వార్డు మెంబరు, అందుచేత రాజకీయం వాడికి రక్తంలోనే ఉందని వాడి నమ్మకం. అధ్యక్షా అన్నది నన్నే. “మనందరికీ ఇప్పుడు పదిహేడేళ్ళు. పద్దెనిమిది అని రాస్తే మన ఓటు మన చేత్తో మనమే పోగొట్టుకున్నట్టు గదా! కాబట్టి పదహారు అని ప్రతిపాదిస్తన్నా!”

క్లాసంతా బల్లలు చరిచారు. ఇంత న్యాయమైన మాట సివిక్స్ క్లాసులో వాళ్ళెన్నడూ విని ఉండరు. చేతులన్నీ లేచాయి. చప్పుడుకు మెలకువ వచ్చి మస్తాన్‌వలి కూడా చెయ్యెత్తాడు, బాత్రూముకి వెళ్ళడానికి. లెక్కలో వేసుకున్నారు.

దిగి ఉన్న చేతులు ఒక్క పిల్లవే. సువార్త.

“మేడమ్, పద్దెనిమిది గదా? పుస్తకంలో ఉంది గదా?”

“నీ అసమ్మతి నమోదైంది, కూర్చో” అన్నాడు తిరుపాలు.

సువార్త సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోస్తాడు. ఆ పిల్లకు వకీలు కావాలని కోరిక. తండ్రీకూతుళ్ళ మధ్య ఒక మాట ఖాయమైంది. ఇంటర్ మొదటిసారికే పాసైతే లా ఎంట్రెన్స్ రాయిస్తాడు. తప్పితే మరుసటి రోజే నూలు మిల్లులో చేర్పిస్తాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. కాబట్టి సువార్తకు ఇప్పుడు రెండూ కావాలి, హాల్ టికెట్టూ కావాలి, పాస్ మార్కులూ కావాలి. ప్రీఫైనల్లో తీర్మానం, పబ్లిక్‌లో పుస్తకం రాస్తే రెండూ దొరుకుతాయి గానీ, తెలిసి తెలిసి తప్పు రాయడం ఆ పిల్ల వల్ల కాదు.

*

వారం తిరిగేసరికి మా క్లాసు వికసించింది.

రాజ్యసభ సభ్యుడి పదవీకాలం ఆరేళ్ళని పుస్తకంలో ఉంటుంది. “మా మామకే ఐదేళ్ళు. వాళ్ళకు ఆరేంది, ఏం తక్కువ చేశాడని మా మామ?” అన్నాడు తిరుపాలు. ఐదేళ్ళు, ఏకగ్రీవం, సువార్త మినహా. ప్రాథమిక హక్కులు ఆరు. శనివారం మధ్యాహ్నం భోజనం కాగానే ఇంటికి పోయే హక్కు కలిపి ఏడు చేశారు. ఆదేశిక సూత్రాలు మరీ పొడుగ్గా ఉన్నాయని వచ్చే విద్యా సంవత్సరానికి వాయిదా వేశారు.

రాష్ట్రపతి అధికారాలు పది మార్కుల ప్రశ్న. పుస్తకంలో పేజీలకు పేజీలుంటుంది. దాని మీద క్లాసు రెండుగా చీలింది. ముందు బల్లల పక్షం సగానికి తగ్గిస్తే చాలంది. వెనక బల్లల పక్షం ఒక్క వాక్యమే ఉండాలని పట్టుబట్టింది. ఇంటర్వెల్లో గేటు దగ్గర బండిమీద మిరపకాయ బజ్జీలు ఎవరు పెట్టించారో తెలియదు గానీ, గంట కొట్టాక ముందు బల్లల నుంచి అరడజను మంది పార్టీ మారారు. ఆమోదిత జవాబు ఇది: ‘రాష్ట్రపతికి చాలా అధికారాలు కలవు.’

బజ్జీలు నాక్కూడా వచ్చాయి. నాకు ఓటు లేదని చెప్పి వాపసు పంపించాను. వాసన మాత్రం బాగుంది.

ఆ శుక్రవారమే ఉదయభాస్కర్ గారు తనిఖీకి వచ్చారు. క్లాసు మధ్యలో నిలబడి, ఎగిరే చేతుల్ని చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

“భాగస్వామ్యము నూటికి నూరు శాతము!” అన్నారు. “ఏదీ బాబూ, రాజ్యసభ సభ్యుని పదవీకాలమెంత?”

“ఐదేళ్ళు సార్! భారీ మెజారిటీ!”

“శభాష్!”

నాకు నోరాగలేదు. “సార్, ఆరేళ్ళండీ.”

ఆయన నావైపు జాలిగా తిరిగారు. “మేడమ్, ఆ ఆరును ఎవరు ఆమోదించారు?”

“రాజ్యాంగం సార్.”

“ఈ తరగతి ఆమోదించినదా?”

“లేదండీ.”

“అదే. ఆ ధోరణినే మనము నిర్మూలించవలసియున్నది. మెజారిటీ పలికిన పిదప తప్పొప్పుల ప్రసక్తి యెక్కడిది?” అని, నా పేరు ఎదురుగా ఏదో రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయారు.

*

ప్రీఫైనల్ జరిగింది. అందరూ తీర్మానాలు రాశారు. సువార్త పుస్తకం రాసింది. ఓటు వయస్సు పద్దెనిమిది, హక్కులు ఆరు, రాష్ట్రపతి అధికారాలు వరసగా, శాసనాధికారాల నుంచి అత్యవసర అధికారాల దాకా ఒక్కటి విడవకుండా రాసింది. అంత శుభ్రమైన పేపరు నేను ఆ మధ్య చూడలేదు. దానిమీద సున్నా చుట్టాలి. చుట్టాను. కడుపు మండిపోయింది. ‘చాలా అధికారాలు కలవు’ అన్నవాడికి పదికి పది వేస్తున్నప్పుడు ఇంకా మండింది.

మర్నాడు ఆ పిల్ల స్టాఫ్ రూముకి వచ్చింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు, పోట్లాటకే వచ్చింది.

“మేడమ్, నేను రాసింది తప్పా?”

“ఒప్పే తల్లీ.”

“మరి సున్నా ఏంది? నాకు హాల్ టికెట్ లేదంట గదా! మా నాయనకేం చెప్పను? జవాబులన్నీ కరెక్టుగా రాసినందుకు మిల్లుకు పోతన్నా అని చెప్పనా?”

బల్లమీదున్న సర్క్యులర్ ఆ పిల్ల చేతిలో పెట్టాను. నిలబడే మొదటి నుంచి చివరిదాకా చదివింది. చివరి పంక్తుల దగ్గర ఆగింది.

“ప్రజాస్వామ్య వ్యవస్థలన్నీ పెట్టాలని ఉంది మేడమ్ ఇందులో.”

“అవును.”

“పార్లమెంటు పెట్టారు. పార్టీలు పెట్టారు. బజ్జీలు కూడా పెట్టారు. కోర్టేది?”

నేను ఆ కాగితాన్ని అన్నిసార్లు తిట్టుకుంటూ చదివానే గానీ ఒక్కసారీ చదవాల్సినట్టు చదవలేదు. అమ్మ సువార్తా! వెంటనే ఇద్దరం గురవయ్య గారి గదికి పరిగెత్తాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కోర్టు వద్దని సర్క్యులర్‌లో ఎక్కడా లేదని, పైగా పెట్టకపోతే తగు చర్య తప్పదని తేల్చారు.

“జడ్జికి నల్లకోటు కావాలేమో” అని, ఇంటికి మనిషిని పంపి తన పెళ్ళినాటి కోటు తెప్పించారు. మంచి మనిషి.

*

జడ్జిని ఎవరు ఎన్నుకోవాలి? మరెవరు, క్లాసే. తిరుపాలు ఒక్క క్షణం ఆలోచించి మస్తాన్‌వలి పేరు ప్రతిపాదించాడు. వాడి లెక్క వాడిది. నిద్రపోయే జడ్జి ఎవరి జోలికీ రాడు. సువార్తవి తప్ప చేతులన్నీ లేచాయి. మస్తాన్‌ని లేపి, కోటు తొడిగి, నా కుర్చీలో కూర్చోబెట్టారు.

తిరుపాలు ఒక్కటే మరిచిపోయాడు. నా కుర్చీకి ఒక కాలు పొట్టి. దాంట్లో కునుకు పడితే కింద పడతారు. ఆ కుర్చీ వల్లనే నేను ఇన్నేళ్ళు అంత చురుగ్గా పాఠాలు చెప్పగలిగాను. మస్తాన్ మొదటిసారి నిద్రకు ఒరిగి, దబ్బున లేచి, కుర్చీ అంచులు పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజుతో వాడి నిద్ర వదిలింది.

సువార్త పుస్తకం తెరిచి వాదన మొదలుపెట్టింది. రెండు వాక్యాలు కాకముందే జడ్జి గారు చెయ్యెత్తారు.

“ఆపు ఆపు. చూసి చదివితే నాకు నిద్రొస్తంది. పుస్తకం మూసి చెప్పు. నువ్వయినా అంతే తిరుపాలూ. చూడకుండా చెప్పినోళ్ళ మాటే వింటా.”

సువార్తకు అది లెక్కా? పుస్తకం మూసి, ఓటు హక్కు మూడు వందల ఇరవై ఆరో అధికరణలో ఉందని, అక్కడ పద్దెనిమిదని ఉందని, దాన్ని మార్చడానికి ఈ క్లాసు ఎవరని గడగడా అడిగింది. తిరుపాలు నోరు తెరిచాడు. పుస్తకం వైపు చూశాడు. “మూసెయ్” అన్నాడు జడ్జి. నలుగురిలో పరువు పోయింది. వార్డు మెంబరు మేనల్లుడు ఆ సాయంత్రం సివిక్స్ పుస్తకం ఇంటికి తీసుకుపోయాడు. పుస్తకం కొన్నాక అది వాళ్ళింటికి వెళ్ళడం అదే మొదలు.

మర్నాడు కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. “జడ్జి గారూ! పార్లమెంటుకు రాజ్యాంగాన్ని సవరించే అధికారం ఉంది! మూడు వందల అరవై ఎనిమిదో అధికరణ! మేమూ సవరించాం, తప్పేంది?”

వెనక బల్లలు హోరెత్తాయి. నా చెవుల్ని నేనే నమ్మలేదు. ఆ అధికరణ పేరు వాడి నోటి నుంచి రప్పించాలని రెండేళ్ళు నోరు నొప్పెట్టేలా తిట్టాను.

“సవరించొచ్చు” అంది సువార్త. “మౌలిక స్వరూపాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు చెప్పింది. ఏడో పాఠం, నువ్వు ఆ పాఠం చదివుండవు.”

“ఎందుకు చదవలా! రేపు చెప్తా చూడు!”

ఇక కేసు సాగింది. ఒక్కో తీర్మానం మీదా వాదన. ఆరేళ్ళా, ఐదేళ్ళా? హక్కులు ఆరా, ఏడా? రెండు పక్షాలకూ సాక్షులు కావాల్సి వచ్చారు. సాక్షి బోనులో నిలబడినవాడు పుస్తకం మూసి చెప్పాలి, తడబడితే అవతలివాళ్ళు నవ్వుతారు. నవ్వు పడలేక అందరూ చదువుకొచ్చేవాళ్ళు. నిన్న తప్పిన సాక్షిని ఇవాళ మళ్ళీ పిలిచేవాళ్ళు. బజ్జీల బండి దగ్గర కూడా ఆదేశిక సూత్రాల మీద కొట్లాట జరుగుతోందని బండివాడు నాకు ఫిర్యాదు చేశాడు. వాయిదా వేసిన పాఠం, చూడండి! నేను గోడవారగా కూర్చుని వింటూ, ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. నాదే. తిట్లు ఒక్కటే తక్కువ.

ఒక మధ్యాహ్నం తిరుపాలు మెల్లిగా నా దగ్గరకొచ్చాడు. చేతిలో పాత పబ్లిక్ పరీక్ష పేపర్లు.

“మేడమ్, పబ్లిక్‌లో ‘రాష్ట్రపతికి చాలా అధికారాలు కలవు’ అని రాస్తే ఎన్ని మార్కులొస్తాయి?”

“చాలా మార్కులు రావు నాయనా.”

వాడు ఆ పేపర్లు సంచిలో కుక్కుకుని, అక్కడే నిలబడి పుస్తకం తెరిచాడు.

*

తీర్పు రోజున గురవయ్య గారు కూడా వచ్చి కూర్చున్నారు. మస్తాన్ కోటు సవరించుకుని లేచాడు.

“రెండు పక్కలా విన్నా. చేతులెత్తి పుస్తకం మార్చొచ్చంటే, రేపు చేతులెత్తి నన్నూ దించేస్తారు. కోటు బాగుంది, నేను దిగను. కాబట్టి పుస్తకమే పైన. తీర్మానాలు చెల్లవు. సువార్తకు హాల్ టికెట్ ఇయ్యాల.”

ఇంతలో గుమ్మంలో ఉదయభాస్కర్ గారు! ఎవరో కబురు మోసినట్టున్నారు. ముఖం కందగడ్డలా ఉంది.

“ఏమిటీ అరాచకము? మెజారిటీ ఆమోదించిన జవాబులను ఒక టీ కొట్టు కుర్రవాడు కొట్టివేయుటా? ఈ తీర్పును రద్దుపరచుచున్నాను. ఆమోదిత జవాబులు వ్రాయని విద్యార్థినికి హాల్ టికెట్ ఇవ్వబడదు. ప్రిన్సిపాల్ గారూ, ఈ సాయంత్రముతో జారీ ముగింపు, గుర్తున్నది గదా?”

సువార్త బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నాకైతే ఆయన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలనిపించింది.

“అధ్యక్షా!” తిరుపాలు లేచాడు. “ఒక తీర్మానం ప్రతిపాదిస్తన్నా. జవాబులకు ఓట్లు పెట్టే పద్ధతి ఇవాళ్టితో రద్దు. పోయేముందు ఆఖరుగా, ప్రీఫైనల్‌లో సువార్త రాసిన జవాబులే మా అందరి ఆమోదిత జవాబులు. ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తండి!”

ముందు బల్లలు, వెనక బల్లలు, బజ్జీలు తిన్నవాళ్ళు, పెట్టించినవాళ్ళు, ఇంకా బల్ల అంచు వదలని సువార్త తప్ప అందరి చేతులూ లేచాయి. మస్తానైతే రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. “జడ్జి ఓటెయ్యకూడదు” అన్నాడు పక్కవాడితో.

“కుదరదు!” ఉదయభాస్కర్ గారు గ్రాంథికం మరిచిపోయి అరిచారు. “ఇదేం చోద్యం? పిల్లకాయలంతా కలిసి చేతులెత్తినంత మాత్రాన తప్పు ఒప్పయిపోద్దా?”

ఆయనకు తానన్న మాట తన చెవికి చేరడానికి కొంచెం సమయం పట్టింది.

సువార్త మెల్లిగా చెయ్యెత్తింది. ఆ క్లాసులో ఆ పిల్ల చెయ్యెత్తడం అదే మొదటిసారి.

“సార్ చెప్పిన మాటను బలపరుస్తన్నా” అంది.

అందరి చేతులూ మళ్ళీ లేచాయి. గురవయ్య గారు కూడా ఎత్తారు, ఆయనకు ఓటు లేకపోయినా.

ఉదయభాస్కర్ గారు గొంతు సవరించుకుని, తమ పథకము ద్వారా విద్యార్థులు ఆశించిన దానికన్న ముందుగానే పరిపక్వత సాధించియున్నందున, పథకము లక్ష్యము నెరవేరి ముగిసినదని ప్రకటించారు. అలా అని నివేదికలో రాసుకున్నారు కూడా. రాసుకోనివ్వండి. గురవయ్య గారు అప్పటికే హాల్ టికెట్ మీద సంతకం పెట్టి, ముద్ర కొట్టి, సిరా ఆరడానికి ఊదుతున్నారు. సువార్త దాన్ని రెండు చేతులా అందుకుంది. అప్పుడు ఏడ్చింది.

పోతూ పోతూ ఉదయభాస్కర్ గారు బాటనీ ల్యాబు ముందు ఆగి, సీసాల వైపు ఆలోచనగా చూశారు. గురవయ్య గారు వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

నేను క్లాసులోకి వచ్చాను. మస్తాన్ కోటు విప్పి మడతపెట్టి, కుర్చీ నాకు అప్పజెప్పి, వెనక బల్లకు పోయాడు. పడుకుంటాడనుకున్నాను. పుస్తకం తీశాడు.

“మేడమ్, ఇక రివిజన్ ఎట్టా?” అన్నారు పిల్లలు.

“పుస్తకాలు మూయండి” అన్నాను. మూశారు. “ఓటు హక్కు పొందడానికి కనీస వయస్సు ఎంత?”

“పద్దెనిమిది!” అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

“పద్దెనిమిదే మేడమ్” అన్నాడు తిరుపాలు, అందరూ అరవడం అయ్యాక, దిగులుగా. “ఇంకో ఏడాది ఆగాల.”